గులాబీ రంగు వంతు

రెండువేల సంవత్సరం రానే వచ్చింది. ఏ విమానమూ కూలలేదు, ఏ బ్యాంకూ మునగలేదు. పెర్త్ నగరంలో ఇనుప ఖనిజం కొని జపానుకు పంపే ఒక కంపెనీ లెక్కలు కూడా జనవరి ఒకటో తారీఖున ఏమీ ఎరగనట్టు నడిచిపోయాయి. తారీఖులో రెండువేలు రాగానే కంప్యూటర్లన్నీ కొంప ముంచుతాయని లోకమంతా గుండెలు బాదుకుంటే, ఆ బాదుకోవడం పుణ్యమా అని విమానం ఎక్కినవాడు మన జనార్దనరావు.

అతనిది తెనాలి. హైదరాబాదులో ఒక ప్రభుత్వ సంస్థలో ఇరవై ఏళ్ళు కోబాల్ అనే కంప్యూటరు భాష రాసి రాసి, అది పాత చింతకాయ పచ్చడని కుర్రాళ్ళు నవ్వుతుంటే తలొంచుకు కూర్చున్నవాడు. ఆ పచ్చడికే ఉన్నట్టుండి గిరాకీ వచ్చింది. పాత ప్రోగ్రాములు విప్పి సరిచేసేవాళ్ళు కావాలని ఆ కంపెనీ నుంచి పిలుపు వస్తే, యాభై ఏళ్ళ వయసులో భార్య శ్యామసుందరిని వెంటబెట్టుకుని పెర్త్‌లో దిగాడు. కానింగ్ వేల్ అనే పేటలో ఇల్లు అద్దెకు తీసుకుని, ముందుగది తన ఆఫీసులోనే పనిచేసే ఖాదర్‌కిచ్చాడు. ఖాదర్‌ది చీరాల. ముప్ఫై నిండలేదు, పెళ్ళి కాలేదు. మొదటి వారం ‘సార్’ అన్నాడు, రెండో వారం ‘బాబాయ్’ అన్నాడు, మూడో వారానికల్లా శ్యామసుందరిని ‘పిన్నీ’ అని పిలుస్తూ వంటింట్లో గిన్నెల మూతలు తీసి చూడటం మొదలుపెట్టాడు.

ఆ ఆఫీసుకు పెద్ద కురోడా గారు. ఫిబ్రవరి నెలాఖరుకు రిటైరై జపాను వెళ్ళిపోతున్నారు. ఆయనకు కరావొకే అంటే ప్రాణం. తెర మీద పాట మాటలు పరుగెడుతుంటాయి, వెనక సంగీతం మోగుతుంటుంది, మనం మైకు పట్టుకుని పాడాలి. అందులోనూ ఒంటిపాట ఆయనకు నచ్చదు. “ఒక్కడు పాడితే వాడి గొంతు తెలుస్తుంది. ఇద్దరు పాడితే ఒకరి మాట ఒకరు వింటారో లేదో తెలుస్తుంది” అనేవారు. పెద్ద పని ఏది పూర్తయినా ఆఫీసు మొత్తాన్నీ తీసుకుపోయి ఇద్దరిద్దరి చేత పాడించేవారు. మన తెలుగువాళ్ళిద్దరూ మాత్రం ప్రతిసారీ తప్పించుకున్నారు. ఒకసారి ఖాదర్ ఉపవాసమన్నాడు, ఇంకోసారి జనార్దనరావు పన్నునొప్పన్నాడు.

ఈసారి ఆ పప్పులు ఉడకలేదు. కురోడా గారే వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“నాకు బహుమతులు వద్దు. నా వీడ్కోలు రోజున మీరిద్దరూ కలిసి ఒక జపాను పాట పాడండి, చాలు” అన్నారు.

కాదనడానికి వీల్లేని మనిషి ఆయన. కిందటేడు శ్యామసుందరికి అపెండిసైటిస్ నొప్పి వచ్చి మెలికలు తిరిగిపోతుంటే, జనార్దనరావుకు అప్పటికింకా కారు కూడా లేకపోతే, తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళి, ఆపరేషన్ అయ్యేదాకా కుర్చీలో నిటారుగా కూర్చున్నది ఆయనే. ఆ సంగతి శ్యామసుందరి మరిచిపోతుందా?

“ఆయన సెండాఫ్‌కి నేనూ వస్తానండీ. ఫ్యామిలీలు కూడా రావచ్చని ఖాదర్ చెప్పాడు. పులిహోర కలుపుకొస్తా” అంది.

ఆ మాటతో జనార్దనరావు హడలిపోయాడు. పాడటం రాక కాదు. శ్యామసుందరి ఎదుట పాడాల్సి రావడమే అతని ప్రాణం మీదికి వచ్చింది.

ఖాదర్‌కు ఇదేమీ తెలియదు. వాడు హుషారుగా ఆఫీసులోని మిచికో అనే అమ్మాయిని పట్టుకుని, యుగళగీతాల క్యాసెట్టొకటి సంపాదించాడు. ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన పాటల్ని తెలుగులోకి ఎక్కించాడు. టేపు పాడేది కారులో ఒక్కచోటే కనక, ఒక శనివారం ఇద్దరూ ఇంటి ముందు పాత కరోలాలో అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నారు.

మొదటి పాట వేడినీటి బుగ్గల ఊళ్ళో ఒక హోటలు గదిలో ఒక జంట సంగతి. మిచికో చెప్పిన అర్థం ఖాదర్ వివరించేసరికి జనార్దనరావు చెవులు మూసుకున్నాడు.

“ఇది బాసు ముందు పాడితే, మండే ఆఫీసుకి ఎట్టా పోతాం బాబాయ్?” అని ఖాదరే దాన్ని కొట్టేశాడు.

రెండోది సారాకొట్టు యజమానురాలికీ తాగుబోతుకీ సరసం. పిన్ని వింటే వారం రోజులు పెరుగన్నమే గతి అని అదీ వద్దన్నారు. మూడోది విడాకులు తీసుకుంటున్న ఆలుమగలది. బాణీ బ్రహ్మాండంగా ఉంది.

“సెలవిస్తన్నాం గానీ విడాకులివ్వట్లేదు గదా” అన్నాడు ఖాదర్.

ఇద్దరు మగవాళ్ళు పాడే పాట మొత్తం క్యాసెట్టులో ఒక్కటే ఉంది. అది దొరికిందని ఇద్దరూ ఎగిరి గంతేశారు గానీ, అది చచ్చిపోయిన స్నేహితుణ్ణి తలుచుకుంటూ పాడేదట. రిటైరయ్యే మనిషి ముందు అది పాడితే అంతకంటే అపశకునం ఉంటుందా?

“తతిమ్మావన్నీ ఆడా మగా పాడేవే బాబాయ్. తెర మీద మగాడి మాటలు నీలం రంగులో వస్తాయంట, ఆడవాళ్ళవి గులాబీ రంగులో వస్తాయంట. ఇద్దరం నీలమే పాడతామంటే మిచికో ఒప్పుకోలా. సగం పాట పాడినట్టు ఉంటదంట.”

“భాష మాత్రం బాగుంది రా. దాదాపు ప్రతి మాటా మన మాటలాగే అచ్చుతో ఆగుతోంది. నోరు మూసుకోనక్కర్లేదు, రాగం ఎంతసేపైనా లాగొచ్చు” అన్నాడు జనార్దనరావు. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

ఖాదర్ అది గమనించకుండా చివరి పాట పెట్టాడు. ఓడ కదులుతోంది. మగవాడు ఓడ మీద ఉన్నాడు, ఆడమనిషి రేవులో నిలబడింది. వెళ్ళిరమ్మని ఆమె అంటోంది, వెళ్ళలేకపోతున్నానని అతను అంటున్నాడు. అర్థానికి అర్థం, సందర్భానికి సందర్భం అన్నీ అతికినట్టు కుదిరాయి. రేవులోని మనిషి పాడే వంతు వచ్చింది. ఆ వంతులో మొదటి నాలుగు స్వరాలు వినగానే జనార్దనరావు కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. టేపులో ఆవిడతో పాటు, ఆవిడ శృతిలోనే, అతని గొంతు కూడా లేచింది. వెక్కిరింపు గొంతు కాదది. నిండైన ఆడమనిషి గొంతు.

ఖాదర్ చటుక్కున టేపు ఆపాడు. “బాబాయ్! ఎవరది పాడింది?”

“మోహన రాగం రా అబ్బాయ్. నిఖార్సైన మోహన. వీళ్ళ దగ్గరికి ఎట్టా వచ్చిందో!” అన్నాడు జనార్దనరావు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక దాచి లాభం లేదని చెప్పుకొచ్చాడు.

పదిహేడో ఏట మొదలుపెట్టి పదేళ్ళ పాటు తెనాలి నాటక సమాజాల్లో అతను ఆడవేషం కట్టాడు. రాణి వేషాలన్నీ అతనివే. మొహానికి అర్దళం పూసుకుంటే పసుపుపచ్చని మెరుపు వచ్చేది, దాని వాసన రెండు రోజులు పోయేది కాదు. గిల్టు వడ్డాణం బిగిస్తే ఊపిరి ఆడేది కాదు, అయినా పద్యం ఎత్తుకుంటే ఊపిరికి కొదవ ఉండేది కాదు. పద్యం చివర రాగం తీస్తూ పోతే, హార్మోనియం మెట్ల మీద వేళ్ళు వాచిపోతున్నాయని హార్మోనిస్టు కళ్ళతోనే బతిమాలేవాడు. జనం ‘వన్స్ మోర్’ అనేవారు. మళ్ళీ పాడితే మళ్ళీ అనేవారు. ఆడవాళ్ళు తెర వెనక్కి వచ్చి, కుచ్చిళ్ళు అంత పొందిగ్గా ఎలా పెట్టావు నాయనా అని అడిగిపోయేవారు. అప్పటికే స్టేజీ మీదికి ఆడవాళ్ళు వచ్చేశారు, ఆడవేషం కట్టే మగవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే మిగిలారు. ఆ చివరివాళ్ళలో తనొకడినని అతనికి కాస్త గర్వం కూడా ఉండేది.

అప్పుడు రేపల్లెలో సంబంధం వచ్చింది. శ్యామసుందరి తండ్రి హెడ్మాస్టరు. అరుగు మీద కూర్చోబెట్టి, చీర కట్టి ఊళ్ళ మీద పాడే మగాడికి పిల్లనివ్వనని మొహం మీదే అన్నాడు. పెళ్ళిచూపుల్లో చూసిన పిల్ల మనసులో నిండిపోయి ఉంది. ఇక మీదట గొంతెత్తనని జనార్దనరావు అక్కడికక్కడే మాటిచ్చాడు. ఆ మాట అంటున్నప్పుడు తలుపు వెనక ఆకుపచ్చ చీర చెంగు కదిలింది. విన్నదన్నమాట, ఆమెకూ ఇదే ఇష్టమన్నమాట అనుకున్నాడు. ఆ రోజు నుంచి స్నానాల గదిలో కూనిరాగం కూడా తీయలేదు.

“పెద్దాయన ఎప్పుడో పోయారు గదా బాబాయ్?” అన్నాడు ఖాదర్.

“మాట పుచ్చుకున్నాయన పోయినా, ఎవరి కోసం పుచ్చుకున్నాడో ఆ మనిషి ఇంట్లోనే ఉంది గదరా. ఇన్నేళ్ళు ఆవిడ ముందు మర్యాదగా బతికాను. ఇప్పుడు నలుగురిలో ఆడగొంతు పెట్టి పాడితే, ఛీ ఈయనింతే అనుకోదూ? ఆ తర్వాత ఆవిడ మొహం ఎట్టా చూడను?”

సరే, గులాబీ రంగు తనే పాడతానన్నాడు ఖాదర్. పాడాడు కూడా. పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. పోనీ పిన్నిని రావద్దని చెబుదామని, అక్కడ పచ్చి చేపల వాసన భరించలేవని బెదిరించి చూశాడు.

“ఆ వాసనకి నేనేం చచ్చిపోను. నా కోసం ఆస్పత్రిలో కూర్చున్నాయన కోసం ఆమాత్రం కూర్చోలేనా?” అంది శ్యామసుందరి. దాంతో ఆ దారీ మూసుకుపోయింది.

ఖాదర్ నోట్లో నువ్వుగింజ నానదని ఆఫీసంతా ప్రతీతి. ఈ సంగతి మాత్రం వాడు పొట్టలోనే పెట్టుకున్నాడు. సాయంత్రాలు ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో, ఫ్రీవే మీద, అద్దాలు ఎక్కించుకుని సాధన చేశారు. సిగ్నల్ దగ్గర పక్క కారులో వాళ్ళు, మీసాలున్న పెద్దమనిషి కళ్ళు మూసుకుని చెయ్యి చాపి రేవులో ఎవరినో సాగనంపుతుంటే నోరు తెరుచుకుని చూసేవారు. జనార్దనరావుకు మాత్రం ఆ అరగంటే రోజుకంతటికీ రోజు. తుప్పు పట్టిందనుకున్న గొంతు రోజురోజుకూ విచ్చుకుంటోంది. మళ్ళీ ఇరవై ఏళ్ళవాడై తెనాలి వీధుల్లో తిరుగుతున్నట్టు ఉండేది. ఇంటి సందు మలుపు తిరగగానే మళ్ళీ నోరు మూసుకునేవాడు. చివరికి ఒక ఉపాయం ఆలోచించాడు. వీడ్కోలు రోజున గులాబీ రంగు తనే పాడతాడు, కానీ మగగొంతుతో, తగ్గించి, పాడీ పాడనట్టు. కర్ర విరగకూడదు, పాము చావాలి.

ఫిబ్రవరి చివరి ఆదివారం నార్త్‌బ్రిడ్జి పేటలో ఒక హోటలు మేడ మీద మధ్యాహ్నం వీడ్కోలు విందు. బయట ఎండ పెటపెటలాడుతోంది. శ్యామసుందరి పట్టుచీర కట్టుకుని, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని మిచికో పక్కన కూర్చుంది. అందరూ జంటలు జంటలుగా వచ్చి పాడారు, తప్పులు పాడారు, నవ్వుకున్నారు. చివరగా ఇద్దరు భారతీయుల పేర్లు పిలిచారు.

ఖాదర్ నీలం రంగు అందుకుని తన వంతు చక్కగా పాడాడు. తెర మీద గులాబీ అక్షరాలు వచ్చాయి. జనార్దనరావు అనుకున్నట్టే గొంతు తగ్గించి ఎత్తుకున్నాడు. అది కిర్రుమంది. ఎదురుగా కురోడా గారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నిటారుగా కూర్చుని వింటున్నారు. ఆస్పత్రి కుర్చీలో కూడా ఆయన ఇలాగే కూర్చున్నారు. ఈ మనిషికి కల్తీ సరుకు ఇస్తున్నానే అని జనార్దనరావుకు సిగ్గేసింది. ఆ సిగ్గు ముందు భార్య ఎదుట పడుతున్న సిగ్గు చిన్నదైపోయింది. రెండో పాదం నిజమైన గొంతుతో ఎత్తుకున్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది.

అక్కడే పదేళ్ళ నాటకాల అలవాటు కొంప ముంచింది. పాదం చివర అచ్చు దొరికేసరికి జనార్దనరావు రాగం అందుకున్నాడు. తెనాలిలో అయితే హార్మోనియం అతని వెంట నడిచేది. యంత్రం ఎవరి కోసం ఆగుతుంది? గులాబీ అక్షరాలు వెళ్ళిపోయాయి, నీలం వచ్చి వెళ్ళిపోయింది, ఇద్దరూ కలిసి పాడాల్సిన పచ్చరంగు కూడా వచ్చి వెళ్ళిపోయింది. ఖాదర్ మైకు నోటి దగ్గర పెట్టుకుని గుడ్లు తేలేశాడు. మిచికో చేతులు ఊపుతోంది. మన వాడు కళ్ళు మూసుకుని మోహనలో పై షడ్జం మీద నిలబడ్డాడు. కళ్ళు తెరిచేసరికి పాట అయిపోయింది. తెర మీద, పాడినదానికి యంత్రం వేసే మార్కులు నూటికి తొమ్మిది అని మెరుస్తున్నాయి.

గదంతా ఘొల్లున నవ్వింది. జనార్దనరావుకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. శ్యామసుందరి వైపు తల తిప్పే ధైర్యం చాలలేదు.

కురోడా గారు లేచారు. రిమోట్ తీసుకుని యంత్రం కట్టేశారు. “మో ఇక్కై” అని ఒక వేలు చూపించారు. ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తెనాలిలో అయినా జపానులో అయినా వన్స్ మోర్ వన్స్ మోరే.

ఇద్దరూ మళ్ళీ పాడారు, తెర లేకుండా, రంగులు లేకుండా. జనార్దనరావు రాగం ముగిసేదాకా ఖాదర్ ఓపిగ్గా ఆగాడు, ముగిశాక అందుకున్నాడు. ఓడ ఎంత ఆలస్యంగా కదలాలో అంత ఆలస్యంగా కదిలింది. పాట అయ్యాక కురోడా గారు నడుము వంచి నమస్కరించి, చాలాసేపు తల ఎత్తలేదు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. జనార్దనరావు అప్పుడు ధైర్యం చేసి చూశాడు. శ్యామసుందరి కుర్చీ ఖాళీగా ఉంది.

అతనికి ఆ చప్పట్లన్నీ అక్కడే చప్పబడ్డాయి. మైకు ఖాదర్ చేతిలో పెట్టి, గబగబా మెట్లు దిగి వీధిలోకి వచ్చాడు. ఆమె ఎండలో, కారు పక్కన నిలబడి ఉంది. ముక్కు ఎర్రబడింది.

“తప్పయిపోయింది. కురోడా గారి కోసం...” అన్నాడు.

“ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ ఈ గొంతు?”

“పెళ్ళికి ముందు సంగతి నీకు తెలిసిందే గదా. మీ నాన్నగారికి మాటిచ్చాను. నువ్వూ విన్నావు. తలుపు వెనక ఆకుపచ్చ చీర...”

“ఆకుపచ్చ చీర మా పెద్దమ్మది. నేను దొడ్లో బావి దగ్గర ఉన్నాను. మా నాన్న నాతో ఏమన్నాడో తెలుసా? కుర్రాడికి నాటకాల మోజు దానంతటదే పోయిందటమ్మా అన్నాడు. నేను నమ్మాను. పాడమని ఎన్నోసార్లు అడుగుదామనుకున్నాను. పోయినదాన్ని గుర్తు చేస్తే బాధపడతారేమోనని నోరు కట్టుకు కూర్చున్నాను.”

“ఆడగొంతు పాడితే నీకు చులకనైపోతానని భయపడ్డాను” అన్నాడు జనార్దనరావు. ఆ మాట పైకి అనేసరికి ఎంత చిన్నదిగా ఉందో అతనికే తెలిసింది.

శ్యామసుందరి కళ్ళు తుడుచుకోలేదు. కోపం ఆమెను అసలు తుడుచుకోనివ్వలేదు.

“మన అమ్మాయి ఉదయ పుట్టినప్పుడు రాత్రుళ్ళు గుక్కపట్టి ఏడిచేది, గుర్తుందా? నా కాకిగొంతుతో నేనే జోలపాడాను. శృతీ లేదు, పాడూ లేదు. అది ఇంకా గట్టిగా ఏడిచేది. ఇంత గొంతు పెట్టుకుని మీరు పక్కగదిలో పడుకుని విన్నారు.”

విన్నాడు. ప్రతి రాత్రీ విన్నాడు. ఆ జోలలో రెండో పాదం దగ్గర ఆమె ఎక్కడ శృతి తప్పేదో అతనికి ఇవాళ్టికీ తెలుసు. దిండులో మొహం దాచుకుని మనసులోనే దాన్ని సరిదిద్దుకునేవాడు గానీ, లేచి వెళ్ళలేదు. మాట నిలబెట్టుకుంటున్నానని అనుకునేవాడు. ఆ పిల్ల పెద్దదై బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటోంది.

ఆమె కారు తలుపు తీసుకుని కూర్చుంది. “పదండి. ఖాదర్, మిచికో వాళ్ళతో వస్తాడులెండి.”

కారు ఫ్రీవే ఎక్కింది. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నది మీద వంతెన దాటాక, అద్దాలు దించి ఉండగానే, జనార్దనరావు ఆ జోల ఎత్తుకున్నాడు. రెండో పాదం దగ్గరికి వచ్చి, శ్యామసుందరి పాడినట్టే, శృతి తప్పించి పాడాడు.